నల్లపట్టీ కింద పేరు

రేడియో అత్తకి కోపం వస్తే ముందు కళ్ళజోడు తీస్తుంది, ఆ తర్వాతే నోరు తెరుస్తుంది. ఆ ఉదయం పాత రికార్డుల ఆఫీసులో, చదువుకునే గదిలో కూర్చుని, ఫైలు తాడు విప్పి నాలుగు కాగితాలు తిరగేసేసరికి కళ్ళజోడు బల్లమీదికి వచ్చేసింది.

"ఏం బాబూ, గూఢచారుల ఫైళ్ళమీద రహస్యం ఎత్తేశామని పేపర్లో వేయించారు కదా. ఎత్తేయడమంటే ఇదేనా?"

గుమాస్తా తన బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చాడు. పొడుగ్గా, కాస్త వంగి, నీడలో పెరిగిన మొక్కలా ఉంటాడు. "మెల్లిగా అమ్మా, పక్కన చదువుకుంటున్నారు," అన్నాడు. పక్కన ఎవరూ లేరు. ఆ మాట అనడం ఆయనకి అలవాటు, అంతే.

ఆవిడ కాగితం ఆయన వైపు తిప్పింది. టైపు చేసిన వాక్యాల మధ్య, ఆవిడ తమ్ముడి పేరు ఉండాల్సిన చోటల్లా వేలెడంత నల్లపట్టీ. ‘అనుమానితుడు’ అని ఉంది, పక్కన నల్లపట్టీ. ‘రేడియో రిపేరు దుకాణం యజమాని’ అని ఉంది, పక్కన మళ్ళీ నల్లపట్టీ. వీధి పేరుంది, దుకాణం తలుపు రంగుంది, తలుపుకి ఎన్ని రెక్కలో కూడా రాసి ఉంది. మనిషే లేడు.

"అప్పుడేమో మనిషిని మాయం చేశారు. ఇన్నేళ్ళు ఆగి ఇప్పుడు పేరు కూడా మాయం చేశారా?"

"నిబంధన అమ్మా. నా చేతిలో ఏం లేదు."

"ఆ నిబంధన పెట్టినవాడి పేరు కూడా ఇలాగే పూసేసి ఉంటారులే, ఎవరూ వెళ్ళి అడక్కుండా!"

గుమాస్తా నవ్వు ఆపుకున్నాడో, విసుగు ఆపుకున్నాడో తెలియలేదు. వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు. ఆయన తల వంచగానే అత్త మెడలో తాడుకి వేలాడే భూతద్దం తీసింది. టంకం అతుకులు చూసుకునే అద్దం అది. లోపలికి సంచులూ పెన్నులూ రానివ్వలేదు కానీ మెడలో ఉన్నదాన్ని ఎవరూ పట్టించుకోలేదు. కాగితాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తిపట్టి, పట్టీ కింద ఒక్క కొమ్మో, ఒక్క సున్నో కనిపించకపోతుందా అని కళ్ళు చికిలించింది.

"ఎంత చూసినా లాభం లేదమ్మా," అన్నాడు గుమాస్తా, తల ఎత్తకుండానే. "నకలు తీసి, దానిమీద సిరా పూసి, దాన్ని మళ్ళీ నకలు తీస్తాం. మీ చేతిలో ఉన్నది ఆ రెండోది. పట్టీ కింద అక్షరమే ఉండదు."

"ఎంత తెలివి!" అంది అత్త. మెచ్చుకోవడం కాదని ఆయనకీ తెలుసు. కాసేపటికి ఒక ఫారం తెచ్చి ముందుపెట్టాడు. పేరు తెరవమని అర్జీ పెట్టుకోవచ్చట. ఆఫీసువాళ్ళిచ్చిన పెన్సిలుతో నింపింది. కారణం రాయమన్నచోట, పెన్సిలు ముల్లు విరిగేలా ఒత్తి రాసింది: ‘మా తమ్ముడు గూఢచారి కాదు. ఆ సంగతి, వాడి పేరున్న కాగితం మీద, వాడి కూతురికి చూపించాలి.’

గుమాస్తా అది చదివి ముద్ర వేశాడు. ఏదో అనబోయి, మళ్ళీ మానుకున్నాడు.

ఆ సాయంత్రం దుకాణంలో అత్త ఒక మిక్సీ మోటారు విప్పుకుని కూర్చుంది. పేరుకి రేడియో దుకాణమే కానీ ఇప్పుడు వచ్చేవన్నీ మిక్సీలూ ఫ్యాన్లే. ఎప్పుడో ఒకసారి ఏ ముసలాయనో తనకంటే ముసలిదైన రేడియోని చంకలో పెట్టుకుని వస్తే, ఆ రోజు ఆవిడ ఇంకే పనీ ముట్టుకోదు. మేనకోడలు చిన్నప్పుడు "అత్తా, అత్తా" అని వీధి మారుమోగేలా పిలిచేది. అది పట్టుకుని వీధి వీధంతా ఆవిడకి మేనకోడళ్ళూ మేనల్లుళ్ళూ అయి కూర్చున్నారు. ఆవిడకంటే పెద్దవాళ్ళు కూడా సిగ్గులేకుండా "అత్తా, ఈ ఫ్యాను చూడు" అంటారు.

అసలు మేనకోడలు రక్తపరీక్షల ల్యాబులో పని ముగించుకుని వచ్చి, రోజూలాగే టార్చి పట్టుకుంది.

"పేరు చూపించలేదే," అంది అత్త. "నల్లగా పూసేశారు."

"చూపిస్తే మాత్రం ఏం ఒరిగేది?"

"గూఢచారి కాదని తెలిసేది."

"కాదనే అనుకుందాం అత్తా. పారిపోయాడుగా? మా చేతిలోంచి తప్పించుకుని దేశం దాటేశాడని, పట్టుకుపోయినవాళ్ళే వచ్చి నీకు చెప్పారుగా? అంత దూరం పోగలిగినవాడికి ఒక్క కార్డుముక్క రాయడానికి తీరలేదా? గూఢచారి అయితే అయ్యాడు, నాకు పట్టింపు లేదు. తల్లి లేని పిల్లని నీ ఒళ్ళో పడేసి పోయాడు. నా గొడవ అది."

"నా ఒళ్ళో పడటం అంత కష్టంగా ఉందా ఏమిటి?" అని అత్త నవ్వబోయింది.

"నీ ఒళ్ళో పడబట్టే బతికి బట్టకట్టాను. దానికి దండం పెడితే నీకు పెడతాను కానీ, ఆయనకెందుకు పెడతాను?"

అత్త టంకం మీద ఉఫ్ అని ఊదింది. ఆ కార్డుముక్క ప్రశ్న ఆవిడకీ కొత్త కాదు. పిల్ల వినేలా ఎప్పుడూ పైకి అనలేదు, అంతే తేడా. టార్చి వెలుగు పక్కకి జరిగింది. "సరిగ్గా పట్టుకో," అంది.

మర్నాడు దుకాణం మూసి మళ్ళీ వెళ్ళింది. పేరు లేకపోతే పోయె, మిగతాదైనా చదవాలనుకుంది. దేశభద్రతా శాఖవాళ్ళు దుకాణానికి ఎదురుగా మేడమీద గది అద్దెకు తీసుకుని, కిటికీ పక్కన ఒక మనిషిని కూర్చోబెట్టారట. ఆ నిఘామనిషి రాసిన నివేదికలే సగం ఫైలు.

‘లోపలనుంచి తట్టుడు. టక్ టక్. ఆగాడు. టక్ టక్ టక్. మళ్ళీ ఆగాడు. రేడియో గరగరలాడింది. టక్.’

అత్తకి ముందు అర్థం కాలేదు. పేజీ తిప్పింది. అక్కడా అదే. మూడో పేజీకి అర్థమై నోరు వెళ్ళబెట్టింది.

రేడియోలో ఎక్కడో ఒక అతుకు వదులైతే, బయటినుంచి చూస్తే తెలియదు. మూత విప్పి, స్విచ్చి వేసి, స్క్రూడ్రైవరు పిడితో లోపల ఒక్కొక్క చోటా మెల్లిగా తడుతూ పోవాలి. ఎక్కడ తడితే రేడియో గరగరమంటుందో అక్కడే జబ్బు. ఈ పని చేసేవాళ్ళందరూ తడతారు. ఆ తట్టుడంతా గూఢభాష అనుకుని, పాపం ఆ మనిషి ఎండనకా వాననకా కూర్చుని రాసుకున్నాడు. చివర ఒక సంకేతాల పండితుడి అభిప్రాయం కూడా జతచేశారు: ‘ఇది మనకు తెలిసిన సంకేతం కాదు. అసాధారణ నైపుణ్యంతో కల్పించిన కొత్త పద్ధతి. ఎంత శ్రమించినా ఇంతవరకు ఛేదించలేకపోయాము.’

అత్తకి నవ్వు ఆగలేదు. ఆ గదిలో అంత గట్టిగా ఎవరూ నవ్వి ఉండరు. గుమాస్తా పరుగున వచ్చాడు.

"ఇలా చూడు బాబూ, ఇలా," అని వేలి కణుపుతో బల్లమీద తట్టి చూపించింది. "వదులు అతుకు. ఇంతే. ఈ టక్‌టక్‌కి పండితుణ్ణి పెట్టారయ్యా మీవాళ్ళు! ఛేదించలేకపోయాడట!"

గుమాస్తా కాగితం చదివాడు. పెదాలు బిగబట్టాడు. "మెల్లిగా అమ్మా, పక్కన..." అనబోయి, ఇక ఆపుకోలేక తనూ గోడవైపు తిరిగి భుజాలు ఊగేలా నవ్వాడు.

ఆ నవ్వు మొహం మీద ఉండగానే అత్త తర్వాతి పేజీ తిప్పింది.

‘యజమాని ఊళ్ళో లేడు. సామాన్లు కొనడానికి పొరుగూరు వెళ్ళాడు. అయినా లోపల తట్టుడు వినిపించింది. ఇది ఇంకా వేగంగా, ఇంకా చురుగ్గా ఉంది. సంకేతాలు పంపే అసలు మనిషి ఇతడు కాక మరొకరు కావచ్చు.’

ఆ అసలు మనిషి ఆవిడే. తమ్ముడి చెయ్యి నిదానం. ఆవిడ చెయ్యి తొందర. "రేడియోని బుజ్జగించాలి కానీ కొట్టకూడదక్కా," అని వాడు ఏడిపించేవాడు. వాడు సరుకుకి వెళ్ళినప్పుడల్లా ఆ స్టూలు మీద కూర్చున్నది ఆవిడ. అప్పుడు పనిచేసేది ఇద్దరూ అయినా, బోర్డు మీద వాడి పేరే ఉండేది కాబట్టి వాడి కోసమే వచ్చారనుకుంది ఇన్నాళ్ళూ.

అత్త కళ్ళజోడు సర్దుకుంది. తర్వాతవి ప్రశ్నలూ జవాబులూ.

‘ప్రశ్న: నువ్వు లేనప్పుడు లోపల తట్టింది ఎవరు? జవాబు: నేను ఎక్కడికీ వెళ్ళలేదు. లోపలే ఉన్నాను. ప్రశ్న: మీ అక్కకి ఈ పని వచ్చా? జవాబు: రాదు. ఊడ్చి, టీ పెట్టి వెళ్ళిపోతుంది. స్క్రూడ్రైవరు ఎటువైపు పట్టుకోవాలో కూడా ఆమెకు తెలియదు.’

వాడికి స్క్రూడ్రైవరు పట్టుకోవడం నేర్పిందే ఆవిడ.

పేజీ తిప్పితే తేదీ మారింది, ప్రశ్న మారలేదు. జవాబూ మారలేదు. ఇంకో పేజీ, ఇంకో తేదీ. ఒకచోట ‘అనుమానితుడు నిలబడలేని స్థితిలో ఉన్నందున విచారణ ఆపివేయబడింది’ అని ఉంది. ఆ తర్వాతి పేజీలో మళ్ళీ అదే ప్రశ్న. మా అక్కకి రాదు. ఆమెకు తెలియదు. ఊడ్చి, టీ పెట్టి వెళ్ళిపోతుంది.

చివర్లో పై అధికారి చేతిరాత: ‘రుజువు లేదు. వదిలేస్తే శాఖ పరువు పోతుంది.’ దాని వెనకే ఒప్పందం. చెప్పిన ఊళ్ళో ఉంటాను. ఏడాదికోసారి వచ్చి కనిపిస్తాను. ఇంటికి ఉత్తరం రాయను, కబురు పంపను. నేను తప్పించుకుపోయానని మావాళ్ళకి చెప్పడానికి ఒప్పుకుంటున్నాను. బదులుగా మా అక్కని పిలిపించకూడదు. దుకాణం మూయించకూడదు. నా కూతుర్ని ఆమె దగ్గర్నుంచి తీసుకుపోకూడదు. కింద సంతకం ఉండాల్సిన చోట నల్లపట్టీ.

కన్నీళ్ళు కాగితం మీద పడతాయని అత్త ఫైలు ముందుకి తోసేసింది. కార్డుముక్క రాయలేదని ఎన్ని రాత్రులు తిట్టుకుందో! ఆ రాయకపోవడం మీదే ఆవిడ దుకాణం నిలబడింది, పిల్ల చదువు నిలబడింది, ఇంట్లో పొయ్యి వెలిగింది. పారిపోయాడన్న నింద వాడే ఒప్పుకుని నెత్తిన పెట్టుకున్నాడు.

గదిలోకి నీళ్ళు తేకూడదు. గుమాస్తా ఆవిడని వరండాలోకి నడిపించి గ్లాసు అందించాడు. నీళ్ళు తాగి, కొంగుతో మొహం తుడుచుకునేసరికి ఆవిడకి మళ్ళీ కోపం తన్నుకొచ్చింది.

"కిటికీలో కూర్చుని చెవులు రిక్కించినవాడి పేరు నిక్షేపంలా ఉంది. ఆ పండితుడి పేరుంది. పరువు పోతుందన్న పెద్దమనిషి పేరూ ఉంది. ఇంతమందిలో నా తమ్ముడి పేరే బయటికి రాకూడనిదయిందా? చచ్చేదాకా పడ్డాడు, ఇంకా ఏం మిగిలిందని దాస్తారు?"

గుమాస్తా అటూ ఇటూ చూశాడు. "అమ్మా, లోపల గోడమీద బోర్డు చదివారా?"

"లేదు. గోడలమీద ఏముంటాయి, ఉమ్మి వేయరాదు, గోల చేయరాదు."

"చదవండి. నా నోటితో నేనేం చెప్పకూడదు. చెబితే నా ఉద్యోగం పోతుంది. బోర్డు మాత్రం అందరూ చదవడానికే పెట్టింది."

ఆ గొంతులో ఏముందో కానీ అత్త మారు మాట్లాడకుండా లోపలికి వెళ్ళింది. బోర్డు తలుపు పక్కనే ఉంది. చిన్న అక్షరాలు, ఆఫీసు భాష. భూతద్దం పెట్టుకుని చదివింది. ‘ఫైళ్ళలో పేర్కొనబడిన వ్యక్తులలో మరణించినవారి పేర్లు యథాతథంగా ఉంచబడును. జీవించి ఉన్నవారి పేర్లు, వారి అంగీకారము లేనిదే వెల్లడించబడవు.’

ఒకసారి చదివింది. రెండోసారి చదువుతూనే పక్కనున్న బెంచీ మీద కూలబడింది.

"బాబూ," అంది. "ఇది ఎప్పటి లెక్క చూసి పూస్తారు? అప్పటిదా, ఇప్పటిదా?"

గుమాస్తా పైకప్పు వైపు చూస్తూ చెప్పాడు. "ఫైలు బయటపెట్టే ముందు పైనుంచి కాగితం వస్తుంది. ఈ ఫైలు బయటపెట్టింది పోయిన నెల. ఇక నన్నేం అడక్కండి."

అత్త లేచి వెళ్ళి ఫైలు ముందు కూర్చుంది. నిన్నటి నుంచీ తిట్టిపోసిన ఆ నల్లపట్టీ మీద వేలుపెట్టి మెల్లిగా నిమిరింది. ఒక్కొక్క పేజీ తిప్పి, పట్టీ ఉన్నచోటల్లా నిమిరింది. ఇన్నిసార్లు బతికి ఉన్నాడా! ఎవరికి మొక్కాలో తెలియక గుమాస్తాకే చేతులు జోడించింది. "నీ కడుపు చల్లగుండ. నా అర్జీ నాకిచ్చెయ్యి నాయనా. ఆ పేరు తెరవొద్దు. నల్లగానే ఉండనీ, నూరేళ్ళు ఉండనీ."

"వెనక్కి తీసుకోకండమ్మా," అన్నాడాయన. "అర్జీ అందగానే ఆ వ్యక్తికి నోటీసు పంపాలి. అదీ నిబంధనే. ఫైలు తెరిచాం, పాత షరతులు ఇక చెల్లవు, మీ పేరు తెరవమని ఒకరు అడిగారు, మీకు ఇష్టమేనా అని. నిన్నే వెళ్ళింది."

"అడిగింది నేనని అందులో ఉంటుందా?"

"ఉండదు. మీరూ బతికున్న మనిషేగా. మీ పేరు మీదా పట్టీ వేశాం."

సాయంత్రం మేనకోడలికి అంతా చెప్పింది. తట్టుడు నుంచి బోర్డు దాకా, ఒక్క ముక్క వదలకుండా. పిల్ల స్టూలు మీద కూర్చుని వింది. టార్చి వెలిగించడం మర్చిపోయింది.

"నువ్వు ఎలా తట్టేదానివి? చూపించు," అంది చివరికి.

అత్త మూలనున్న రేడియో మూత తీసి, స్క్రూడ్రైవరు తిరగేసి తట్టింది. టక్ టక్. టక్ టక్ టక్.

"ఇంతదానికా?" అంది మేనకోడలు. కాసేపు ఇద్దరూ ఏడ్చారు. తర్వాత పిల్ల మొహం కడుక్కుని వచ్చి, "నువ్వెప్పుడూ ఆయన్ని తిట్టుకోలేదా?" అని అడిగింది.

"తిట్టుకోకేం. నీ ముందు తిట్టలేదు, అంతే. ఇప్పుడు ఆ తిట్లన్నీ ఏరుకుని తిరిగి మింగాలి."

ఆ తర్వాతి రోజులు అత్తకి చేతిలో పని నిలవలేదు. ఒకరి ఫ్యాను రెక్కలు ఇంకొకరి ఫ్యానుకి బిగించి, ఇద్దరిచేతా తిట్లు తిని, నవ్వుతూ మార్చి ఇచ్చింది. వచ్చినవాళ్ళందరికీ టీ పోసింది. వీధిలో ఎవరికీ ఏమీ చెప్పలేదు కానీ, ఒకప్పుడు తమని చూసి తలుపులు వేసుకున్న ఇళ్ళవాళ్ళని కూడా పిలిచి మరీ కుశలం అడిగింది. మేనకోడలు ల్యాబునుంచి త్వరగా వచ్చేసేది. "ఇవాళ ఎండ ఎక్కువగా ఉంది కదా, ఫోనేమైనా వచ్చిందా?" అని ఒకే ఊపిరిలో అడిగేది.

రాడేమో, వద్దంటాడేమో, ఇన్నేళ్ళకి ఏ మనిషి ఎలా మారతాడో అని అత్తకి లోపల దిగులుగానే ఉండేది. వద్దన్నా పరవాలేదు, ఉన్నాడు చాలు అని తనకు తనే చెప్పుకునేది.

ఫోను వచ్చింది. "ఫైల్లో పేజీ మారింది. వచ్చి చూసుకోండి," అన్నాడు గుమాస్తా. ఇంకొక్క మాట అనలేదు.

మేనకోడలు సెలవు పెట్టి వెంట వచ్చింది. గుమాస్తా ఫైలు తెచ్చి బల్లమీద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి నిలబడ్డాడు. అత్త తాడు విప్పింది. మొదటి పేజీలోనే కనిపించింది. పట్టీ లేదు. తెల్లటి కాగితం మీద తమ్ముడి పేరు, ఇంటిపేరుతో సహా, నల్లటి అక్షరాల్లో.

‘మరణించినవారి పేర్లు యథాతథంగా ఉంచబడును.’ వద్దువద్దనుకుంటూనే అత్త కళ్ళు బోర్డు వైపు వెళ్ళాయి.

"పోయాడే," అంది. "నిన్నమొన్న దొరికాడు, అప్పుడే పోయాడు."

మేనకోడలు ఆవిడ భుజం పట్టుకుంది.

"కాదమ్మా," అన్నాడు గుమాస్తా గాభరాగా. "కాదు కాదు. చివర ఇంకో కాగితం ఉంది. ముందు అది చదవండి."

ఫైలు చివర, ఆఫీసు నోటీసు తిరిగి వచ్చి ఉంది. కింద చేతిరాత. నిదానంగా, ఒక్కొక్క అక్షరాన్నీ బుజ్జగించి కూర్చోబెట్టినట్టున్న రాత. అత్త చూసింది కానీ ఆవిడ కళ్ళకి అక్షరాలు ఆనలేదు. కాగితం మేనకోడలి చేతిలో పెట్టింది.

"నువ్వు చదువు."

మేనకోడలు చదివింది.

"‘అర్జీ పెట్టినవారి పేరు మీద నల్లపట్టీ వేసి పంపారు. అంటే ఆ మనిషి బతికే ఉన్నారన్నమాట. నా పేరు కావాలనేవాళ్ళు లోకంలో ఇద్దరే ఉంటారు. అది మా అక్క అయితే నా పేరు తెరవండి, నా చిరునామా కూడా ఇవ్వండి. నా కూతురైనా...’"

అక్కడ ఆగిపోయింది. గుమాస్తా కిటికీ అవతల ఏదో ఉన్నట్టు అటు తిరిగాడు. మేనకోడలు మునివేళ్ళతో కళ్ళు ఒత్తుకుని, గట్టిగా ఊపిరి పీల్చుకుని మిగతాది చదివింది.

"‘నా కూతురైనా అంతే. వేరే ఎవరైనా అయితే అక్కర్లేదు, అలాగే ఉంచండి. ఇద్దరిలో ఎవరైనా సరే, బతికి ఉండి నన్ను అడిగినందుకు వాళ్ళకి నా నమస్కారం చెప్పండి.’"

కింద ఊరి పేరు, వీధి, ఇంటి నంబరు. రైలెక్కితే పూటలో చేరే ఊరే.

అత్త కన్నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. గుమాస్తా కుర్చీ తెచ్చి మేనకోడలి వెనకాల వేశాడు. ఆయన చేతిని అత్త రెండు చేతులతో నొక్కి వదిలేసింది.

"ఏం చేద్దాం అత్తా? ఇప్పుడే బయల్దేరదామా?"

"బయల్దేరదాం. ముందు ఇంకోసారి చదువు."

మేనకోడలు కుర్చీలో కూర్చుని, కాగితం సరిచేసుకుని, మొదట్నుంచి మళ్ళీ చదివింది. ఈసారి ‘నా కూతురైనా’ అన్నచోట ఆగలేదు.